మేయరమ్మకి శాలువా

ఇప్పుడు ఎవరైనా నా ముందు టాక్సుల మాట ఎత్తితే నడుం నొప్పి పుడుతుంది. వెటకారం కాదు, నిజంగానే. ఆ గోల నేను విన్నదంతా నిలబడే విన్నాను. పెనం ముందు నిలబడి, కౌంటర్ వెనక నిలబడి, చివరికి టౌన్ హాల్లో మైకు ముందు నిలబడి. వీకెండ్ పార్టీల్లో సోఫాల్లో చేరగిలబడి రిపబ్లికన్లనీ డెమోక్రాట్లనీ చెరిగిపోసేవాళ్ళని చూస్తే నాకు ఈర్ష్య. కూర్చుని చేసే రాజకీయం ఎంత సుఖమో!

షామ్‌బర్గ్ దాటి కొంత దూరం పోతే వచ్చే చిన్న ఊరు మాది. పేరు చెప్పను. అక్కడ ఒక పాత స్ట్రిప్ మాల్ ఉండేది. మాల్ అంటే అద్దాల మేడ అనుకునేరు, ఒకే రేకు కప్పు కింద వరసగా కొన్ని కొట్లు, ముందు గీతలు చెరిగిపోయిన పార్కింగ్, అంతే. బట్టలుతికే మిషన్ల కొట్టు, గోళ్ళకి రంగులేసే కొట్టు, ఒక డోనట్ల కొట్టు. ఆ చివర నా కర్రీ పాయింట్. దాని గోడకి ఆనుకుని బార్బర్ షాపు. నేను చెప్పబోయేది ఆ షాపు పోయిన సంగతి. ఆపడానికి నేను చెయ్యగలిగింది చేశాను. మావాళ్ళు కూడా వాళ్ళకి తెలిసింది చేశారు.

మేం 2001లో వచ్చాం. మా ఆయనకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్‌వన్ వీసా. ఆయనది కరీంనగర్ వైపు, నాది తెనాలి పక్క. హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సులో పరిచయమై చేసుకున్న పెళ్ళి, అందుకే ఇప్పటికీ ఒకరినొకరం నువ్వనే పిలుచుకుంటాం. ఆయన వీసా మీద వచ్చిన నాకు గ్రీన్ కార్డు దాకా పని చేసే వీల్లేదు. అన్నేళ్ళు ఇంట్లో కూర్చుని గోడలతో మాట్లాడాను. కార్డు చేతికి రాగానే కొట్టు వెతుక్కున్నాను. అద్దె తక్కువని ఆ మాల్‌కి వచ్చాను గానీ, పక్కింటాయన ఎవరని అడగలేదు.

పక్కింటాయన, అంటే ఆ బార్బర్, డెబ్బై దగ్గర పడిన తెల్లాయన. ఆర్మీ నుంచి వచ్చి కుర్రతనంలో పెట్టిన షాపట. భార్య పోయింది, కూతురు టెక్సాస్‌లో. పొద్దున తలుపు తీస్తే సాయంత్రం మూసేదాకా రేడియో మోగుతూనే ఉండేది. టాక్సులు తగ్గించాలి, గవర్నమెంటు జనం జేబులోంచి చెయ్యి తియ్యాలి, పెద్ద చదువులవాళ్ళు దేశాన్ని ముంచేశారు అని అరిచే రేడియో. గోడ పల్చన. నా ఇడ్లీలు ఆ అరుపులు వింటూనే ఉడికేవి.

మొదటి బుధవారం ఆయనకి ఒక పెసరట్టు, అల్లం పచ్చడి పట్టుకెళ్ళి ఇచ్చాను. ఇరుగుపొరుగు కదా అని. తిన్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు, ముక్కు చీదుకున్నాడు, వెంటనే గల్లా పెట్టె తెరిచి డబ్బులు తీశాడు. వద్దన్నాను.

"ఊరికే వచ్చేది ఏదీ ఉండదమ్మాయ్. దానికి ఎక్కడో ఎవరో కట్టే ఉంటారు. ఎవరు కట్టారో తెలియకపోతే నాకు అరగదు" అన్నాడు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే, నా చెవికి అది ఇలాగే వినిపించేది.

అప్పట్నుంచి ప్రతి బుధవారం మధ్యాహ్నం ఆయనే వచ్చేవాడు. పచ్చ దోసె అనేవాడు పెసరట్టుని. తింటూ నాకు ఆర్థికశాస్త్రం పాఠం.

"నువ్వో ఇడ్లీ అమ్ముతావు. అందులో ఊరికి ముక్క, కౌంటీకి ముక్క, స్టేట్‌కి ముక్క. నీకు మిగిలేది ప్లేటు."

"అయితే చలికాలం తెల్లారేసరికి ఈ రోడ్డు మీద మంచు మీ రేడియో ఆయనొచ్చి ఎత్తుతున్నాడా? మా పిల్లల బడి ఎవరి డబ్బుతో నడుస్తోంది?" అనేదాన్ని, అట్లకాడ ఊపుతూ.

"మంచు ఎత్తమను. బడి నడపమను. అక్కడితో ఆగమను. నా గొడవంతా ఆ తర్వాత చేసేవాటి గురించే."

ఒప్పుకునేదాన్ని కాదు. ఆయనా ఒప్పుకునేవాడు కాదు. కానీ బుధవారం ఆయన రాకపోతే నాకు ఆ రోజు ఉప్పు లేనట్టుండేది. మా ఆయన జుట్టు కూడా ఆయన చేతిలోనే పడింది. నెలకోసారి వెళ్ళి ఆ కుర్చీలో నిద్రపోయి వచ్చేవాడు.

బ్యాంకులు మునిగిన ఏడు మాత్రం పెద్దాయన కొన్నాళ్ళు రేడియో ఆపేశాడు. గోడ అవతల అంత నిశ్శబ్దంగా ఉంటే ఒంట్లో బాలేదేమో అని వెళ్ళి చూశాను. కుర్చీలో తనే కూర్చుని ఉన్నాడు.

"బ్యాంకుల్ని మన డబ్బుతో ఎత్తారు. అవతలి పార్టీవాళ్ళు ఎత్తారంటే అర్థముంది. మా పార్టీవాళ్ళు కూడా సరేనని ఓటేశారు. నా షాపు మునిగితే ఎవడెత్తుతాడు?" అన్నాడు. టీ పెట్టి తెచ్చాను. దానికీ డబ్బులిచ్చాడు.

తర్వాత కొన్నేళ్ళకి మా వంతు వచ్చింది. మాల్ ఓనర్ ఆ స్థలాన్ని ఒక పెద్ద బిల్డర్‌కి అమ్మజూపాడు. కింద షోరూములు, పైన ఖరీదైన ఫ్లాట్లు కడతారట. కట్టుకోండి, ఎవరొద్దన్నారు? కానీ ఊరు దానికి ఒక వరమిస్తోంది. ఆ కొత్త మేడ మీద పెరిగే టాక్సు ఏళ్ళ తరబడి బడికీ ఊరికీ రాదు, తిరిగి ఆ బిల్డర్ ఖర్చులకే పోతుంది. అలా ఇవ్వాలంటే ముందు ఆ స్థలం పాడుబడిపోయిందని ఊరు అధికారికంగా తీర్మానం చెయ్యాలట. అంటే నా వంటిల్లు, పెద్దాయన షాపు కాగితం మీద పాడుబడ్డ కొంపలు. తనిఖీకి వచ్చిన ప్రతి ఇన్‌స్పెక్టరూ మెచ్చుకుని వెళ్ళిన వంటిల్లు నాది! ఒళ్ళు మండిపోయింది.

పెద్దాయన అరవలేదు. "నాకు టాక్స్ తగ్గించమని అడిగితే ఖజానాలో డబ్బుల్లేవన్నారు. వాడికి ఇవ్వడానికి ఎక్కడ్నుంచి వచ్చాయి? తగ్గిస్తే అందరికీ తగ్గించు. లేకపోతే ఎవరికీ వద్దు. కొందరికే ఇచ్చేదాన్ని పాలసీ అనరు" అన్నాడు.

అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు మావాళ్ళు. మొదటిసారి ఆయన మాటకి తలూపాను.

మా ఊరి మేయరమ్మ ఒకరోజు, పాడుబడిందని తేల్చడానికి పెట్టుకున్న కన్సల్టెంట్లని వెంటబెట్టుకుని మాల్ చూడ్డానికి వచ్చింది. చక్కటి మనిషి, చక్కటి కోటు, చక్కటి మాట. నా కొట్లో తొంగి చూసి "మీ వంటలంటే నాకు ప్రాణం" అంది. ఏం తిన్నారు అని అడుగుదామనుకున్నాను, అప్పటికే వెళ్ళిపోయింది. ఒక కుర్రాడు పార్కింగ్‌లో పగుళ్ళకి, నా వెనక తలుపు దగ్గర చెత్త డబ్బాకి ఫోటోలు తీసుకున్నాడు. ముందు తలుపుకి ఒక్కటీ తియ్యలేదు. మాకు మంచి జరుగుతుందని చెప్పేవాళ్ళే అందరూ, మంచి అంటే మీకేమిటి అని అడిగినవాళ్ళు లేరు. ఈ రకం మనుషుల గురించే రేడియో ఇన్నేళ్ళుగా అరుస్తోందా అని ఆ రోజు అనుకున్నాను. అనుకున్నందుకు నా మీద నాకే విసుగేసింది.

నాకు ఇంకో చోట కొట్టు దొరుకుతుంది. పెద్దాయనకి ఆ వయసులో కొత్త లీజు ఎవరిస్తారు? ఆయన కస్టమర్లలో సగం మంది వాకర్ పట్టుకుని వచ్చేవాళ్ళు. "ఈ కుర్చీ పక్కన నిలబడే పోతే బావుణ్ణు" అనేవాడు ఆయన. ఆయన అడిగింది అంతే. గవర్నమెంటుని కూడా ఇంకేమీ అడగలేదు.

ఆ తీర్మానం మీద ఊరి కౌన్సిల్ ఓటుకి ముందు జనం మాట వినడానికి ఒక మంగళవారం సభ పెట్టారు. కౌన్సిల్లో ఇద్దరు ఊగిసలాడుతున్నారని, హాలు నిండితే భయపడి వెనక్కి తగ్గుతారని డోనట్ల ఆయన చెప్పాడు. హాలు నింపడం ఎవరి చేతిలో పని? మా ఊళ్ళో తెలుగువాళ్ళు కొల్లలు, ఓట్లున్న సిటిజన్లు కూడా. నేను మా తెలుగు అసోసియేషన్ ప్రెసిడెంట్ గారింటికి వెళ్ళాను. పెద్ద కంపెనీలో డైరెక్టర్, కృష్ణా జిల్లా మనిషి, అందరికీ అన్నయ్యే. మా ఆయన ఆ కమిటీలో కల్చరల్ సెక్రటరీ కాబట్టి నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు.

"అన్నయ్యా, మంగళవారం ఒక యాభై మంది వస్తే చాలు. మాట్లాడక్కర్లేదు, కూర్చుంటే చాలు" అన్నాను.

"ఎవరి కోసమమ్మా? ఆ బార్బర్ కోసమా? వాళ్ళంతా మనల్ని ఈ కంట్రీలోకే రానివ్వకూడదనే బ్యాచ్ కదా."

"ఆయన వారం వారం వచ్చి డబ్బులిచ్చి నా పెసరట్టు తింటాడన్నయ్యా. మీరు ట్రేలు తీసుకెళ్ళేటప్పుడు డిస్కౌంటడుగుతారు."

వదిన గారు నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయారు. ఆయన మాత్రం గొంతు సవరించుకుని అసలు సంగతి చెప్పారు. సభకి ముందు శనివారమే మా ఉగాది ఈవెంట్. చీఫ్ గెస్ట్ మేయరమ్మ. క్రికెట్ గ్రౌండ్‌కి పర్మిషన్ ఆవిడ దగ్గర పెండింగ్‌లో ఉంది.

"అయితే ఇంకా మంచిది. స్టేజీ మీదే ఒక ప్రశ్న అడగండి, ఈ కొట్లవాళ్ళ గతేంటని."

"అదేంటమ్మా, చీఫ్ గెస్ట్‌గా పిలిచి మొహం మీద ప్రశ్నలడుగుతామా? మన సంస్కారం ఏమైపోవాలి?"

చెవిటివాడి ముందు శంఖం ఊది ఇంటికొచ్చాను. మా ఆయనతో ఒకటే చెప్పాను, "నువ్వు ఆ రోజు స్టేజీ ఎక్కకు" అని. "నేనెందుకెక్కుతనే? నాకు సౌండ్ సిస్టమ్ పనే ఉంటది" అన్నాడు.

మనవాళ్ళ సంగతి తెలుసు కదా. స్టేజీ మీదకి మనిషి రావడమే పాపం, శాలువా కప్పందే చేతులు ఊరుకోవు. ఇన్సూరెన్స్ ఏజెంటుకి కప్పుతాం, రియల్ ఎస్టేటాయనకి కప్పుతాం, పిల్లల డాన్సు టీచరుకి కప్పుతాం, దారి తప్పి వచ్చినవాడికీ కప్పుతాం. అసోసియేషన్ ఇండియా నుంచి తెప్పించిన శాలువాల డబ్బా ఒకటి కల్చరల్ సెక్రటరీ గరాజ్‌లో, అంటే మా గరాజ్‌లో, మంచు పార పక్కన ఎప్పుడూ ఉండేది.

ఆ రోజు హైస్కూల్ ఆడిటోరియం కిటకిటలాడింది. మేయరమ్మ నమస్తే అని అందరికీ చేతులు జోడించింది, చప్పట్లే చప్పట్లు. శాలువా కప్పాల్సిన డోనర్ గారు పార్కింగ్ దొరక్క బయట తిరుగుతున్నారు. యాంకరమ్మాయి అటూ ఇటూ చూసి, సౌండ్ మిషన్ దగ్గరున్న మా ఆయన్ని చూసింది. "ఇవాళ మన లంచ్ స్పాన్సర్, మన ఊళ్ళో ఫేమస్ కర్రీ పాయింట్ ఓనర్" అంటూ మైకులో తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి పిలిచింది. నేను వెనక ట్రేలు సర్దుతున్నాను. తల ఎత్తేసరికి ఆయన స్టేజీ మీద ఉన్నాడు, శాలువా ఆవిడ భుజాల మీద ఉంది, కెమెరా మెరిసింది.

ఇంటికొచ్చాం. గరాజ్‌లో కారు ఆపాక ఆయనే అన్నాడు. "ఏం చేయాలె? అంత మందిల పేరు పిలిచిన్రు. పోకుంటే మంచిగుంటదా?"

"మంచిగుండదు. పోయి మంచి చేసొచ్చావు" అన్నాను.

శాలువాతో ఏమవుతుందిలే అని అప్పటికి నేనూ సర్దిచెప్పుకున్నాను. మంగళవారం సభకి ఓ ముప్ఫై మంది వచ్చారు, ఎక్కువగా పెద్దాయన కస్టమర్లు, వాకర్లతో. మా తెలుగువాళ్ళలో మేమిద్దరమే. మా ఆయన వెనక వరసలో, నేను ముందు పెద్దాయన పక్కన. కన్సల్టెంట్ తెర మీద బొమ్మలు తిప్పుతున్నాడు. పగుళ్ళు, నా చెత్త డబ్బా, రాబోయే మేడ, మేడ ముందు కాఫీ తాగుతున్న బొమ్మ మనుషులు. తర్వాత ఉగాది ఫోటో. మేయరమ్మ నవ్వుతోంది, మా ఆయన ఆవిడకి శాలువా కప్పుతున్నాడు.

"మన భారతీయ సమాజం ఈ ప్రాజెక్టుకి అండగా ఉంది. ఈ మాల్‌లోనే వ్యాపారం చేసుకుంటున్న ఈ కుటుంబం కూడా" అన్నాడు.

పెద్దాయన తెర వైపే చూస్తున్నాడు. నా వైపు తిరగలేదు. తిరిగి నన్ను నాలుగు తిట్టినా బావుండేది.

నా పేరు పిలిచారు. మనిషికి మూడు నిమిషాలు, అయిపోతే ఎర్ర లైటు. బార్బర్ షాపు గురించి చెప్పడానికి ఇంట్లో అద్దం ముందు నిలబడి మాటలు అల్లుకుని వెళ్ళాను. మైకు ముందుకెళ్ళాక అవన్నీ పోయాయి.

"ఆ ఫోటోలో ఉన్నది నా భర్త. కొట్టు నాది. మేం దీనికి అండగా లేం. శాలువా అంటే మద్దతు కాదు. మావాళ్ళు తలుపు తీసుకుని లోపలికొచ్చిన ప్రతివాళ్ళకీ కప్పుతారు" అన్నాను. హాల్లో నవ్వులు. మేయరమ్మ కూడా నవ్వింది. మరి ఎందుకు కప్పుతారు అని ఎవరో అడిగారు. గౌరవమని చెప్పాను. గౌరవానికీ మద్దతుకీ తేడా చెప్పబోయాను. ఇంగ్లీషులో అది ఎంత చెప్పినా తెమల్లేదు. ఎర్ర లైటు వెలిగింది. శాలువా సంగతి చెప్పడానికే నా మూడు నిమిషాలూ అయిపోయాయి. పెద్దాయన షాపు గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

పెద్దాయన తన వంతు వచ్చినప్పుడు లేచి, "నాకేమీ ఇవ్వొద్దు. వాడికీ ఇవ్వొద్దు. అంతే" అని కూర్చున్నాడు.

ఓటింగ్ జరిగింది. ఊగిసలాడుతున్న ఇద్దరిలో ఒకాయన పెద్దాయన పార్టీ మనిషే. కోటుకి చిన్న జెండా పిన్ను. ఎన్నికల్లో టాక్సులు తగ్గిస్తానని తిరిగినవాడు, పెద్దాయన షాపు కిటికీలో నెలల తరబడి తన పేరున్న బోర్డు పెట్టించుకున్నవాడు, అక్కడే జుట్టు కత్తిరించుకునేవాడు. ఊరి ఎదుగుదల కోసమంటూ చెయ్యి ఎత్తాడు. రెండో ఆయనా ఎత్తాడు. తీర్మానం నెగ్గింది.

బయట పార్కింగ్‌లో నేను ఏడుస్తుంటే పెద్దాయన తన ట్రక్కు దగ్గర ఆగాడు.

"నీ మొగుడు బాగా కప్పాడు. రెండు భుజాలకీ సమానంగా వచ్చింది. అది అందరికీ చేతకాదు, నాకు తెలుసు" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు వెతికాను. ఉందో లేదో తెలియలేదు. ఆయన గొంతులో అలసట తప్ప నాకేమీ వినిపించలేదు.

తర్వాతి బుధవారం ఆయన రాలేదు. ఆ తర్వాతిదీ రాలేదు. రేడియో కూడా లేదు. నేను పెసరపిండి రుబ్బుతూనే ఉన్నాను, పారబోస్తూనే ఉన్నాను. మా ఆయన సిగ్గుతో ఆ గుమ్మం తొక్కలేదు, వేరే చోట కత్తిరించుకోనూ లేదు. ఆఫీసులో ఇదేం స్టైలని అడుగుతున్నారట. అన్నయ్య మాత్రం ఫోన్ చేసి, క్రికెట్ గ్రౌండ్ పర్మిషన్ ఇంకా పెండింగ్‌లోనే ఉందని, ఇంకోసారి ఆవిడని పిలుద్దామని అన్నారు. ఫోన్ మా ఆయన చేతికిచ్చి నేను అవతలికి వెళ్ళిపోయాను.

ఖాళీ చెయ్యమన్న గడువు దగ్గర పడింది. పెద్దాయన షాపు ఆఖరి రోజు పొద్దున మా ఆయన్ని లేపి, "గరాజ్‌లో డబ్బా ఉంది కదా, ఒక శాలువా తియ్యి" అన్నాను.

"ఏం మొఖం పెట్టుకొని పోవాలె?"

"ఉన్నదే పెట్టుకుని పద."

లేచాడు. గరాజ్‌లోకి వెళ్ళేముందు కూర్చుని అసోసియేషన్ పేరున ఒక చెక్కు రాశాడు. ఇదెందుకంటే, "ఆయన అడుగుతడు" అన్నాడు.

షాపులో రెండో కుర్చీ అప్పటికే విప్పేశారు. పెద్దాయన మమ్మల్ని చూశాడు, మా ఆయన నెత్తి చూశాడు. "గడ్డివాములా ఉంది. కూర్చో" అన్నాడు. మెడ చుట్టూ గుడ్డ కప్పి, ఎప్పటిలాగే కత్తెర పట్టుకున్నాడు. ఎప్పుడూ నిద్రపోయే మనిషి ఆ రోజు కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. అద్దంలోకి మాత్రం చూడలేదు.

"ఆ రోజు నేను నా చోట్లోనే కూర్చోవాల్సింది" అన్నాడు మా ఆయన ఇంగ్లీషులో.

"స్టేజీ మీదకి పిలిస్తే మనుషులు వెళ్తారు. నా కిటికీలో బోర్డు పెట్టుకున్నవాడు వెళ్ళలేదూ?" అన్నాడు పెద్దాయన, తల తిప్పమని వేలితో చెప్తూ.

అయిపోయాక ఎప్పుడూ తీసుకునేదే తీసుకుని మిగతా చిల్లర చేతిలో పెట్టాడు. మా ఆయన లేచి, నా చేతిలోంచి శాలువా తీసుకుని మడత విప్పాడు. పెద్దాయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"దీనికి ఎవరు కట్టారు?"

"నేనే."

పెద్దాయన ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. తర్వాత మా భుజాల మీదుగా తలుపు వైపు, కిటికీ వైపు చూశాడు.

"ఫోటో తీసేవాడు ఎక్కడ?"

"ఎవరూ లేరు. ఫోన్లు కూడా కారులో పెట్టొచ్చాం" అన్నాను.

"అయితే సరే" అన్నాడు. కళ్ళద్దాలు తీసి కౌంటర్ మీద పెట్టి, తల వంచాడు.